ఎలక్ట్రానిక్ డ్రమ్స్‌కి ఏ స్పీకర్ తీసుకోవాలి? మేడ మీద గది, నెలకో రిసెప్షన్, 35 వేల బడ్జెట్

కంటోన్మెంట్ కిక్, విజయనగరం | శనివారం రాత్రి 9:20

అందరికీ నమస్కారం. ఏడాదిన్నరగా ఆలెసిస్ నైట్రో మెష్ కిట్ వాయిస్తున్నాను. ఇన్నాళ్లూ హెడ్‌ఫోన్లతోనే గడిచిపోయింది. ఈమధ్య ఐదుగురం కలిసి చిన్న ఆర్కెస్ట్రా పెట్టాం. కీబోర్డు, గిటారు, ఇద్దరు పాడేవాళ్లు, నేను. ఆదివారాలు మా మేడ మీద గదిలో ప్రాక్టీసు. గిటారు కుర్రాడికి ఆంప్ ఉంది, పాడేవాళ్లకి చిన్న మైకుసెట్టు ఉంది. నేను హెడ్‌ఫోన్ పెట్టుకుని వీరలెవెల్లో వాయిస్తుంటే వాళ్లకి ప్యాడ్ల మీద కర్రల టకటక తప్ప ఏమీ వినపడటం లేదు. "పక్కింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నట్టుంది" అన్నాడు కీబోర్డు వాడు.

గది 12 అడుగులకి 14. కింద ఇంటి ఓనరు గారుంటారు. నెలకి ఒకటో రెండో రిసెప్షన్లు వస్తాయి, అవి చిన్న కళ్యాణ మండపాలే. బడ్జెట్ 35 వేలు. గిటారు ఆంప్ సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతోంది. కీబోర్డు ఆంప్ కొనమని ఒకరు, డ్రమ్స్ కోసమే చేసిన మానిటర్ (వాయించేవాడికి తన సౌండు వినిపించే స్పీకరు) కొనమని ఒకరు, ఇంట్లో హోమ్ థియేటర్ ఉండగా ఖర్చెందుకని మా నాన్నగారు. ఏం చేయమంటారు?

ఏడురోడ్ల ఎక్కో, శ్రీకాకుళం | శనివారం రాత్రి 9:41

వాట్స్ చూసుకో గురూ, మిగతాదంతా సోది. చక్రాలున్న పార్టీ స్పీకర్లు వస్తున్నాయి, డబ్బా మీద 2000 వాట్స్ అని ఇంతింత అక్షరాలతో రాసుంటుంది. లైట్లు కూడా వెలుగుతాయి. రిసెప్షన్‌లో లైటింగ్ వాడి ఖర్చు మిగులు.

నాగావళి, శ్రీకాకుళం | శనివారం రాత్రి 10:05

ఎక్కో తమ్ముడూ, కుర్రాడు డబ్బు పెట్టి కొనబోతున్నాడు, కాస్త ఆగు.

కంటోన్మెంట్ గారూ, నేను పన్నెండేళ్లుగా కీబోర్డు వాయిస్తున్నాను. ముందు గిటారు ఆంప్ ఆలోచన మానేయండి. అది మంచిది కాదని కాదు, అది చేసే పని వేరు. గిటారు ఆంప్‌లో ఉండే స్పీకరు సుమారు 80 హెర్ట్జ్ నుంచి 5000 హెర్ట్జ్ దాకానే గట్టిగా పలుకుతుంది. గిటారుకి ఆ గరుకుదనమే అందం. డ్రమ్స్‌లో కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము) 50, 60 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, సింబల్ మెరుపు 10 వేలు దాటి ఉంటుంది. మీ కిట్ దానికి తగిలిస్తే కిక్ అట్టపెట్టె మీద కొట్టినట్టు, క్రాష్ సింబల్ దుప్పటి కప్పి కొట్టినట్టు వస్తాయి. ఒకసారి మా డ్రమ్మర్ ఆంప్ పాడైతే గిటారు ఆంప్‌కి తగిలించాం. రైడ్ సింబల్ ఎక్కడుందో నాకు ఆ రాత్రంతా తెలియలేదు, టైమింగ్ కోసం అతని చెయ్యి చూస్తూ వాయించాను.

కీబోర్డు ఆంప్ దానికన్నా చాలా మెరుగు. నాది రోలాండ్ కేసీ-200, 100 వాట్స్, 12 అంగుళాల స్పీకరు. ప్రాక్టీసుకి బాగానే సరిపోతుంది. కానీ నేను కీబోర్డు, డ్రమ్స్ రెండూ దానికే ఇస్తే కిక్ పడ్డప్పుడల్లా నా స్ట్రింగ్స్ సౌండ్ కుంగుతుంది.

పలాస జీడిపప్పు, పలాస | శనివారం రాత్రి 10:32

హోమ్ థియేటర్ సంగతి నన్నడగండి, అనుభవం నాది. రెండేళ్ల కింద మా ఇంట్లో ఉన్న 5.1 సెట్టుకి కిట్ తగిలించాను. మొదటి రోజు అద్భుతంగా ఉంది. మూడో రోజు మా బావ వచ్చాడు, "ఇంకొంచెం పెంచు బావా" అన్నాడు. స్నేర్ రిమ్‌షాట్ ఒకటి కొట్టాను. కుడి స్పీకర్లోంచి చిన్న "టిక్" అని వచ్చింది, అంతే. తర్వాత సింబల్స్ ఆ వైపు నుంచి రాలేదు. ట్వీటర్, అదే సన్నటి శబ్దాలు పలికే చిన్న స్పీకరు, పోయింది. రిపేరు షాపతను విప్పి చూపించాడు, లోపల వెంట్రుక కన్నా సన్నటి తీగ నల్లగా కాలి ఉంది. ఆ వారం మా ఆవిడ సినిమా చూడలేదు, నాతో మాట్లాడనూ లేదు.

బ్లూటూత్ స్పీకర్ కూడా ప్రయత్నించాను. దాని గురించి చెప్పడానికి కూడా మనసు రావట్లేదు.

వీణ వాళ్ళబ్బాయి, బొబ్బిలి | ఆదివారం ఉదయం 6:50

జీడిపప్పు గారూ, మీ ట్వీటర్ ఎందుకు పోయిందో చెప్తాను. మనం ఫోన్లో వినే పాటని రికార్డింగ్ వాళ్లు ముందే నొక్కి, ఎత్తుపల్లాలు చదును చేసి ఇస్తారు. హోమ్ థియేటర్ ఆ చదునైన శబ్దాన్ని మొయ్యడానికే తయారైంది. డ్రమ్ మాడ్యూల్ (ప్యాడ్ల దెబ్బని సౌండుగా మార్చే పెట్టె) నుంచి వచ్చేది అలా కాదు. స్నేర్ దెబ్బలో మొదటి కొన్ని మిల్లీసెకన్లు సగటు సౌండ్ కన్నా ఎన్నో రెట్లు ఎత్తుకి లేస్తాయి. ఆ ఎత్తుని అందుకోలేక చిన్న ఆంప్లిఫయర్ తల కోసేస్తుంది, దాన్నే క్లిప్పింగ్ అంటాం. తల తెగిన తరంగంలో పై స్థాయి శబ్దాలు విపరీతంగా పుట్టుకొచ్చి నేరుగా ట్వీటర్‌లోకి పోతాయి. అంటే తక్కువ వాట్స్ ఆంప్‌ని ఎక్కువ పెంచి వాయించినా ట్వీటర్ కాలుతుంది. ఇది చాలామందికి తెలియదు.

ఇక ఎక్కో గారి వాట్స్. వాట్స్ రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి "కొంచెం పెరిగింది" అనిపిస్తుంది, అంతే. మనిషికి రెట్టింపు గట్టిగా అనిపించాలంటే సుమారు పదింతల వాట్స్ కావాలి. రోలాండ్ వాళ్లవే రెండు డ్రమ్ మానిటర్లున్నాయి. పీఎం-100కి 80 వాట్స్, 10 అంగుళాలు. పీఎం-200కి 180 వాట్స్, 12 అంగుళాలు. అంకె చూస్తే రెండోది రెట్టింపు దాటింది, కేవలం వాట్స్ వల్ల వచ్చే తేడా మాత్రం మూడున్నర డెసిబెల్స్. మిగతా తేడా పెద్ద కోన్, పెద్ద డబ్బా వల్ల.

డబ్బా మీది అంకె కూడా ఏ వాట్సో చూడాలి. యమహా డీబీఆర్10 మీద 700 వాట్స్ అంటారు, అది క్షణకాలపు పీక్. నిలకడగా ఇచ్చేది అందులో సగం కూడా ఉండదు. అది మోసం కాదు, కంపెనీ ఆ రెండో అంకె కూడా పుస్తకంలో రాస్తుంది. పార్టీ స్పీకర్ల మీద ఆ రెండో అంకె చాలాసార్లు కనపడదు. నేనైతే వాట్స్ వదిలేసి "మాక్సిమమ్ ఎస్పీఎల్ ఎంత" అని అడుగుతాను, అంటే బాక్సు ఎంత గట్టిగా పలకగలదని.

బ్లూటూత్ ఆలస్యం మామూలు స్పీకర్లలో 150 నుంచి 200 మిల్లీసెకన్లు ఉంటుంది. గాలిలో శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది కాబట్టి 200 మిల్లీసెకన్లంటే మీ డ్రమ్ దాదాపు 70 మీటర్ల అవతల మోగుతున్నట్టు లెక్క. సిరిమానోత్సవం నాడు జనంలో వెనక ఎక్కడో నిలబడి డప్పుల వాళ్లని చూసే ఉంటారు. కర్ర ముందు పడుతుంది, చప్పుడు తర్వాత వస్తుంది. చూడ్డానికి సరదాగానే ఉంటుంది, ఆ చప్పుడు విని తాళం వెయ్యమంటే మాత్రం ఎవరి వల్లా కాదు.

ఏడురోడ్ల ఎక్కో, శ్రీకాకుళం | ఆదివారం ఉదయం 9:15

పొద్దున్నే ఆరింటికి లేచి ఇన్ని లెక్కలు కట్టావేటి గురూ! సరే, పార్టీ స్పీకర్ మాట వెనక్కి తీసుకుంటున్నా. లైట్లు మాత్రం బాగుంటాయి.

పాత మైకుసెట్టు, నెల్లిమర్ల | ఆదివారం ఉదయం 11:30

బాబూ, నేను ముప్పై ఏళ్లుగా సౌండ్ సర్వీసు చేస్తున్నాను. మొదట్లో అహుజా ఆంప్లిఫయరు, చెట్టుకి కట్టిన రెండు బాకాలు, అదే మా ఆస్తి. ఆ బాకాలో మాట మైలు దూరం పోతుంది, కిక్ డ్రమ్ము మాత్రం గుమ్మం దాటదు. అందుకే చెప్తున్నాను, గట్టిగా వినపడటం వేరు, నిండుగా వినపడటం వేరు.

నీకు కావాల్సింది పవర్డ్ బాక్సు. ఆంప్లిఫయరు లోపలే ఉంటుంది, మాడ్యూల్ నుంచి వైరు తెచ్చి గుచ్చడమే. 10 అంగుళాలదైనా 12దైనా చాలు. 15 అంగుళాలది నీ గదికి వద్దు, మెట్ల మీద మోసే నడుము నీది. డ్రమ్స్ కోసమే అమ్మే మానిటర్లు బాగానే ఉంటాయి, కాదనను. కానీ ఆ డబ్బుకి మామూలు పవర్డ్ బాక్సు తీసుకుంటే రేపు పాడేవాళ్లకి మానిటర్‌గా పనికొస్తుంది, ఎల్లుండి అమ్మినా ఎవరో ఒకరు కొంటారు.

చెవితో వినకుండా కొనకు. మంగళవారం నాకు పనేమీ లేదు. మాడ్యూలు, కిక్ ప్యాడు, స్నేరు, ఒక సింబలు పట్టుకుని నెల్లిమర్ల రా. నా షెడ్డులో 10దీ 12దీ రెండూ ఉన్నాయి, పక్కపక్కన పెట్టి వినిపిస్తాను.

రాజాం చర్చి డ్రమ్స్, రాజాం | ఆదివారం మధ్యాహ్నం 2:10

ఆరాధన ఇప్పుడే అయ్యింది, ఇంటికొచ్చి చదువుతున్నాను. మా చర్చిలో ఆరేళ్లుగా ఎలక్ట్రానిక్ కిట్టే. రేకుల కప్పు హాల్లో మామూలు డ్రమ్స్ పెడితే పాస్టర్ గారి మాట వినపడేది కాదు, అందుకని మార్చాం.

మండపాల్లో మీకు వేరే ఇబ్బంది వస్తుంది. అక్కడ పెద్ద సౌండు వాళ్లదే ఉంటుంది. మీ బాక్సు ఒక్కటే హాలంతా నింపక్కర్లేదు, మీకూ పక్క వాళ్లకీ వినపడితే చాలు. మాడ్యూల్ నుంచి ఇంకో లైను వాళ్ల మిక్సర్‌కి పోవాలి. మేము మొదట్లో మామూలు జాక్ వైరు 15 మీటర్లు లాగి మిక్సర్‌లో గుచ్చాం. ప్రార్థన మధ్యలో నిశ్శబ్దంగా ఉన్నప్పుడు "మ్‌మ్‌మ్" అని 50 హెర్ట్జ్ హమ్ము. చాలా మాడ్యూళ్ల అవుట్‌పుట్లు అన్‌బ్యాలెన్స్‌డ్, ఐదారు మీటర్లు దాటితే చుట్టూ ఉన్న కరెంటు వైర్ల గోలంతా పీల్చుకుంటాయి. కిట్ పక్కనే డీఐ బాక్సు (ఆ లైనుని మైకు వైరులో గోల లేకుండా పోయేలా మార్చే చిన్న పెట్టె) పెట్టి, అక్కణ్నుంచి మైకు వైరు లాగాం. దాని మీద గ్రౌండ్ లిఫ్ట్ అని చిన్న స్విచ్ ఉంటుంది, అది నొక్కగానే హమ్ము పోయింది.

హమ్ము పోతుందని ప్లగ్గు ఎర్త్ పిన్ను విరిచేసేవాళ్లని చూశాను. ఆ పని మాత్రం చెయ్యకండి. మండపాల వైరింగు ఎలా ఉంటుందో మీకు తెలుసు, మైకు పట్టుకున్న పిల్లకి షాక్ కొడుతుంది.

కంటోన్మెంట్ కిక్, విజయనగరం | మంగళవారం రాత్రి 10:48

నెల్లిమర్ల వెళ్లొచ్చాను! మాస్టారు షెడ్డు చూస్తే మ్యూజియంలా ఉంది. పాత బాకాలు వరసగా గోడకి వేలాడుతున్నాయి, ఒకదాంట్లో పిచ్చుక గూడు.

ముందు 12 అంగుళాల బాక్సు పెట్టారు. మిక్సర్‌లోంచి నా మాడ్యూలు కలిపారు. మొదటి కిక్ కొట్టగానే షెడ్డు రేకులు గలగలమన్నాయి. ఏడాదిన్నరగా నేను వాయిస్తున్న కిట్ ఇదేనా అనిపించింది. తర్వాత 10 అంగుళాలది. కిక్‌లో ఆ కడుపులో తగిలే భాగం కాస్త తగ్గింది, కానీ స్నేర్ ఇంకా శుభ్రంగా ఉంది, హై-హ్యాట్ తెరిచి మూసే "త్సిప్" స్పష్టంగా వినపడింది. మాస్టారు ఏమీ చెప్పలేదు, టీ తాగుతూ నా మొహం చూస్తూ కూర్చున్నారు.

ఇంకోటి నేర్చుకున్నాను. మాడ్యూల్లో నేను ఇన్నాళ్లూ ఇష్టంగా వాడే కిట్‌కి రివర్బ్ (పెద్ద హాల్లో మోగినట్టు వచ్చే ప్రతిధ్వని) నిండా ఉంది. హెడ్‌ఫోన్లో స్టేడియంలా ఉండేది, బాక్సులో బురదలా వచ్చింది. రివర్బ్ తీసేశాం, కిక్ సౌండు మార్చాం, సగం సమస్య అక్కడే పోయింది.

10 అంగుళాలది రెండు రోజులు ఇంట్లో పెట్టుకుని చూడమని ఇచ్చారు, డబ్బులు కూడా అడగలేదు. రేపు గదిలో పెట్టి చెప్తాను.

కంటోన్మెంట్ కిక్, విజయనగరం | బుధవారం రాత్రి 8:05

అర్జెంట్. ఎవరైనా ఉన్నారా? టెన్షన్‌గా ఉంది.

ఇంట్లో పెట్టాను. కిక్ లేదు. స్నేర్ దాదాపు లేదు. సింబల్స్ వస్తున్నాయి గానీ ఎక్కడో నూతిలోంచి వస్తున్నట్టు, ఫ్లోర్ టామ్ పల్చగా. నిన్న షెడ్డులో రేకులు అదరగొట్టిన బాక్సే ఇది! ఆటోలో తెచ్చేటప్పుడు కంటోన్మెంట్ దగ్గర గోతిలో ఒక్కసారి ఎగిరింది. మాస్టారి బాక్సు పాడుచేశానా? ఆయనకి ఇంకా ఫోన్ చెయ్యలేదు, ధైర్యం రావట్లేదు.

ఏడురోడ్ల ఎక్కో, శ్రీకాకుళం | బుధవారం రాత్రి 8:09

కిక్ లేదంటే లోపలి 10 అంగుళాలది ఎగిరిపోయినట్టే. వైరు ఊడి ఉంటుంది. స్క్రూలు విప్పి చూడు.

నాగావళి, శ్రీకాకుళం | బుధవారం రాత్రి 8:12

విప్పకండి! ఎవరిదో బాక్సు అది. వెనక లో-కట్ స్విచ్ ఏమైనా నొక్కి ఉందా? 100 హెర్ట్జ్ కింద కోసేసే స్విచ్ చాలా బాక్సులకి ఉంటుంది.

కంటోన్మెంట్ కిక్, విజయనగరం | బుధవారం రాత్రి 8:16

చూశాను అక్కా, ఆఫ్‌లోనే ఉంది. ఫోన్లో పాట పెట్టి వేరే ఛానెల్‌కి ఇస్తే బాస్ దంచుతోంది. డ్రమ్సే ఇలా వస్తున్నాయి.

వీణ వాళ్ళబ్బాయి, బొబ్బిలి | బుధవారం రాత్రి 8:21

పాట బాగా వస్తోందంటే బాక్సు క్షేమం. కంగారు పడకండి. రెండు ప్రశ్నలు. మాడ్యూల్లో ఏ రంధ్రంలోంచి వైరు తీశారు? ఆ వైరు పిన్నుల మీద నల్ల గీతలు ఎన్ని ఉన్నాయి?

కంటోన్మెంట్ కిక్, విజయనగరం | బుధవారం రాత్రి 8:24

హెడ్‌ఫోన్ రంధ్రంలోంచి. ఇవాళ సాయంత్రం ఊళ్లో ఒక షాపులో కొన్నాను. ఒకవైపు ఈపీ పిన్ను (ఫోన్ హెడ్‌ఫోన్లకుండే సన్నది), ఇంకోవైపు లావు పి-38 పిన్ను. డ్రమ్స్‌కి ఇదే వాడతారని షాపతను ఘంటాపథంగా చెప్పాడు. గీతలు రెండు వైపులా రెండేసి ఉన్నాయి.

వీణ వాళ్ళబ్బాయి, బొబ్బిలి | బుధవారం రాత్రి 8:37

దొంగ దొరికాడు.

ఒక గీత ఉంటే మోనో పిన్ను, రెండు గీతలుంటే మూడు భాగాల పిన్ను. మీరు కొన్నది స్టీరియో వైరు. హెడ్‌ఫోన్ వైపు చివర భాగంలో ఎడమ సౌండు, మధ్య భాగంలో కుడి సౌండు వస్తాయి. బాక్సు లోపలికి వెళ్లే జాక్ మాత్రం స్టీరియో కాదు, బ్యాలెన్స్‌డ్ మోనో. అది చేసే పని ఏంటంటే, చివర భాగంలో వచ్చినదాంట్లోంచి మధ్య భాగంలో వచ్చినదాన్ని తీసివేస్తుంది. మైకు వైర్లలో దారిలో అంటుకునే గోల రెండు తీగల్లోనూ ఒకేలా ఉంటుంది కాబట్టి తీసివేతలో అది సున్నా అయిపోతుంది. బ్యాలెన్స్‌డ్ వైరు కిటుకంతా అదే.

ఇప్పుడు మీ డ్రమ్స్ సంగతి చూడండి. కిక్, స్నేర్ రెండూ సరిగ్గా మధ్యలో ఉంటాయి, అంటే ఎడమలో ఎంతో కుడిలో అంతే. బాక్సు దాన్ని గోల అనుకుని ఎడమలోంచి కుడి తీసేసింది. సున్నా. సింబల్స్, టామ్స్ కాస్త పక్కలకి జరిపి ఉంటాయి కాబట్టి కొంత మిగిలింది. మిగిలినదే మీరు నూతిలోంచి వింటున్నారు.

ఇప్పుడే పరీక్షించుకోవచ్చు. మాడ్యూల్లో కిక్ పాన్‌ని (సౌండు ఎడమకీ కుడికీ జరిపే సెట్టింగు) పూర్తిగా ఎడమకి తిప్పి కొట్టండి.

కంటోన్మెంట్ కిక్, విజయనగరం | బుధవారం రాత్రి 8:44

వచ్చింది!!! కిటికీ అద్దం అదిరింది! బ్రతికించారు గురువు గారూ.

పాత మైకుసెట్టు, నెల్లిమర్ల | బుధవారం రాత్రి 9:02

ఇప్పుడే చూశాను బాబూ. ఆ బాక్సు లారీలో భీమునిపట్నం నుంచి ఇచ్ఛాపురం దాకా తిరిగింది, కంటోన్మెంటు గోతికి భయపడదు. ఫోన్ చెయ్యాల్సింది.

హెడ్‌ఫోన్ రంధ్రం వదిలెయ్. వెనక లావు జాకులు రెండున్నాయి కదా, ఎడమ దాంట్లోంచి మోనో పి-38 వైరు తియ్, మూడు మీటర్లు చాలు. ఎడమ జాకు మీద మోనో అని కూడా రాసి ఉంటే ఆ ఒక్క వైరులోకే రెండు వైపుల సౌండూ కలిసి వస్తుంది. అలా రాసి లేకపోతే రెండు జాకుల నుంచీ రెండు వైర్లు తీసి బాక్సు మీదున్న రెండు ఛానెళ్లకి ఇయ్యి. రెండు వైర్లనీ ఒక జాయింట్ ముక్కతో కలిపి ఒకటి చెయ్యకు, ఒకదాని అవుట్‌పుట్టు ఇంకోదాన్ని తన్నుతుంది. వెనక మైకు, లైను స్విచ్ లైను వైపే ఉండాలి. మాడ్యూల్ వాల్యూమ్ ముప్పావు దాకా పెట్టి, బాక్సు వాల్యూమ్ సున్నా నుంచి పెంచుకుంటూ రా. ఆపేటప్పుడు ముందు బాక్సు ఆపు, తర్వాత మాడ్యూలు. తిప్పి చేస్తే ఢబ్ మని కొడుతుంది.

పలాస జీడిపప్పు, పలాస | బుధవారం రాత్రి 9:30

ఈ గీతల సంగతి నాకు రెండేళ్ల కింద తెలిసి ఉంటే! మా ఇంట్లో ఇలాంటి వైరే ఒకటి ఉంది, బాగోలేదని మూలన పడేశాను. ఇప్పుడు తీసి చూశాను, రెండు గీతలు.

కంటోన్మెంట్ కిక్, విజయనగరం | గురువారం రాత్రి 9:55

మోనో వైరు తెచ్చాను, అంతా సరిగ్గా ఉంది. ఒక చిన్న సందేహం. బాక్సుని గది మూలలో స్టాండు మీద పెట్టాను, కిట్ ఎదర గోడ దగ్గర ఉంది. సౌండు బాగుంది గానీ నేను ఇక్కడ కొడుతుంటే ఎవరో అక్కడ వాయిస్తున్నట్టుంది. చేతికీ చెవికీ పొత్తు కుదరట్లేదు.

నాగావళి, శ్రీకాకుళం | గురువారం రాత్రి 10:20

అది మీ భ్రమ కాదు. మన వైపు తప్పెటగుళ్లు చూస్తారు కదా. వాళ్లు ఆ రేకు వాయిద్యాన్ని గుండెకి కట్టుకుని వాయిస్తూ గెంతుతారు. చప్పుడు మనిషిలోంచే వస్తున్నట్టుంటుంది, అందుకే అంత గెంతులోనూ అడుగు తప్పదు. మామూలు డ్రమ్ సెట్టు కూడా అంతే, వాయించేవాడి మోకాళ్ల మధ్య నుంచి వస్తుంది. మీ కిట్‌లో మాత్రం దెబ్బ ఒకచోట, చప్పుడు ఒకచోట. ఆ దూరం ఎంత తగ్గిస్తే అంత మంచిది.

బాక్సుని మూలలోంచి తీసి మీ ఎడమ పక్కన, హై-హ్యాట్ వెనక్కి, చెవి ఎత్తులో పెట్టి చూడండి. అలా పెడితే సౌండు తక్కువ పెట్టినా సరిపోతుంది, కింద ఓనరు గారికీ శాంతి. పైగా మూలలో పెడితే రెండు గోడలు కలిసి బాస్‌ని ఉబ్బిస్తాయి, కిక్ "ధప్" అనకుండా "ధోమ్‌మ్" అని సాగుతుంది. ఒక్క జాగ్రత్త, పాడేవాళ్ల మైకులు మీ బాక్సు వైపు చూడకూడదు. చూస్తే పాటలో సగం సింబల్సే వినపడతాయి.

వీణ వాళ్ళబ్బాయి, బొబ్బిలి | గురువారం రాత్రి 10:31

లెక్క కోసం చెప్తున్నాను, మీటరుకి 3 మిల్లీసెకన్లు. మీ గదిలో ఆ మూల నుంచి మీ చెవికి ఒక పది. అక్క చెప్పినట్టు పక్కన పెడితే మూడు.

ఏడురోడ్ల ఎక్కో, శ్రీకాకుళం | గురువారం రాత్రి 10:33

ఈయన నిద్రలో కూడా మిల్లీసెకన్లు లెక్కపెడతాడు.

కంటోన్మెంట్ కిక్, విజయనగరం | తర్వాతి ఆదివారం సాయంత్రం 6:15

ఇవాళ ప్రాక్టీసు అయ్యింది. బాక్సు ఎడమ పక్కన, అక్క చెప్పిన చోటే. గిటారు వాడు మొదటి పాట మధ్యలో ఆగి వెనక్కి తిరిగి చూశాడు. "నువ్వు ఇన్నాళ్లూ ఇలా వాయిస్తున్నావా?" అన్నాడు. పొగిడాడో తిట్టాడో అర్థం కాలేదు, ఎందుకంటే రెండో పాటలో నేను ఫిల్ తప్పినచోటు కూడా అందరికీ వినపడింది.

చివరికి మాస్టారి దగ్గరున్న ఆ 10 అంగుళాలదే సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను, 22 వేలకి. 12 అంగుళాలదే కొనేద్దామని ఒకపూట మనసు లాగింది, ఆ రేకులు గలగలమన్నది మర్చిపోలేక. కానీ మా మెట్లు ఇరుకు, బండి మీద వెనక ఒకడు పట్టుకుని కూర్చుంటే వెళ్లిపోయేది పదే. మండపంలో ఎలాగూ వాళ్ల బేస్ బాక్సులు ఉంటాయి. మిగిలిన డబ్బులో డీఐ బాక్సు ఒకటి, మంచి మైకు వైరు ఒకటి కొంటాను.

ఇప్పుడు కొత్త తలనొప్పి. రాత్రి బాక్సు ఆపేసి హెడ్‌ఫోన్లతో వాయిస్తున్నా ఓనరు గారు పైకి వచ్చారు. "బాబూ, మా మంచం మీద ఎవరో రోకలితో దంచుతున్నట్టుంది" అన్నారు. ఆశ్చర్యమేంటంటే బాక్సు మోగినప్పుడు ఆయన ఏమీ అనలేదు!

రాజాం చర్చి డ్రమ్స్, రాజాం | ఆదివారం రాత్రి 8:40

అది కిక్ పెడల్. గాలిలో వచ్చే శబ్దం కాదు, మీ కాలి దెబ్బ స్లాబులోంచి నేరుగా దిగుతోంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే మీకు వినపడదు, ఆయన మంచానికి వినపడుతుంది. మందంగా దుప్పట్లు పరిచినా పెద్దగా తగ్గదు. రెండు ప్లైవుడ్ పలకల మధ్య టెన్నిస్ బంతులు వరసగా పెట్టి వేదికలా చేస్తారు, కిట్ మొత్తం దాని మీద. కింది పలకకి గుంటలు కోస్తే బంతులు దొర్లిపోవు. నాకు పాతిక బంతులు పట్టాయి, పాతవే. స్టేడియం కుర్రాళ్ల నడిగితే ఇచ్చారు. ముందు కొంచెం ఊగినట్టుంటుంది, రెండు రోజుల్లో అలవాటైపోతుంది.

పాత మైకుసెట్టు, నెల్లిమర్ల | ఆదివారం రాత్రి 9:05

బంతుల సంగతి నాకూ కొత్తే. అయినా రాత్రి పది దాటాక బాక్సు వద్దు బాబూ. 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్యం రూల్స్ ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్ స్పీకర్లు బందు, ఇళ్ల మధ్య పగలు 55 డెసిబెల్సు, రాత్రి 45. మండపంలో కూడా పోలీసు వాళ్లు వచ్చి మొదట ఆపమనేది నన్నే, పెళ్లికొడుకుని కాదు.

కంటోన్మెంట్ కిక్, విజయనగరం | రెండు వారాల తర్వాత, సోమవారం ఉదయం 11:20

నిన్న ఈ బాక్సుతో మొదటి రిసెప్షన్ అయ్యింది. డీఐ బాక్సు నుంచి వాళ్ల మిక్సర్‌కి ఒక లైను, నా బాక్సు నాకు పక్కన. సౌండ్ చెక్‌లో హమ్ము వచ్చింది. గ్రౌండ్ లిఫ్ట్ నొక్కాను, తగ్గలేదు. చెమటలు పట్టాయి. తీరా చూస్తే కీబోర్డు వాడు ట్రాక్స్ కోసం లాప్‌టాప్ తెచ్చాడు, దాని ఛార్జరు పీకగానే నిశ్శబ్దం. బ్యాటరీ మీదే మూడు గంటలు నడిపించాం.

కిక్ హాలంతా నిండింది, అది వాళ్ల బేస్ బాక్సుల పుణ్యం. నా పక్కనున్న 10 అంగుళాలది నేను వినాల్సింది వినిపించింది. పెళ్లికూతురు తాతగారు స్టేజి దగ్గరికొచ్చి ప్యాడ్లని వేలితో నొక్కి చూసి, "దీంట్లో గాలి కూడా లేదు, చప్పుడు ఎక్కణ్నుంచి వస్తోంది?" అని అడిగారు. బాక్సు చూపించాను. ఆయన బాక్సు వెనక్కి వెళ్లి చూసొచ్చారు.

పాతిక బంతులూ దొరికాయి, ప్లైవుడ్ కోయించాలి. మాస్టారూ, ఆ రెండు గీతల వైరు షాపతను వెనక్కి తీసుకోనంటున్నాడు. మీకేమైనా పనికొస్తుందా?

పాత మైకుసెట్టు, నెల్లిమర్ల | సోమవారం మధ్యాహ్నం 1:45

పనికొస్తుంది, తీసుకురా. మధ్యకి కోసి రెండు మోనో పిన్నులు వేసి ఇస్తాను, ఫోన్ నుంచి మిక్సర్‌కి పాటలు పెట్టుకోవచ్చు. ఈపీ పిన్ను వైపు పారెయ్యకు.